చివరిదాకా కొయ్యని ముక్క

ఆ ఆసుపత్రి కింది అంతస్తులో, మందుల గిడ్డంగి పక్కన, కిటికీ లేని గదిలో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేసిన మనిషిని అందరూ మైనం మామయ్య అనేవారు. రోగి ఒంట్లోంచి తీసిన ముక్కను మైనంలో పెట్టి గట్టిపరిచి, కోత యంత్రానికి బిగించి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, గోరువెచ్చని నీటి మీద తేల్చి గాజు పలక మీదికి ఎక్కించడం ఆయన పని. పలక చూసి రోగమేమిటో చెప్పేది పై అంతస్తు డాక్టరు. కోసినవాడి పేరు రిపోర్టులో ఉండదు.

చెయ్యి మంచిదని ఆయనకు పేరు. అంతకన్నా పొదుపరి అని పేరు. ఏ ముక్కనూ పూర్తిగా కోసెయ్యడు, సగం మైనంలోనే అట్టేపెడతాడు. దానికో కారణముంది. ఉద్యోగంలో చేరిన రెండో ఏట, ఒక ముసలమ్మ కడుపులోకి గొట్టం వేసి తీసిన బియ్యపుగింజంత ముక్కను, అందమైన పొర రావాలని చెక్కీ చెక్కీ మొత్తం చెత్తబుట్ట పాలు చేశాడు. మళ్లీ గొట్టం మింగమంటే ఆమె ససేమిరా అంది. "ఒకసారి ఇచ్చాను కదా నాయనా, ఏం చేశావు?" అని అడిగింది. నాలుగు నెలలకు పోయింది. ఏ రోగంతో పోయిందో తేలనేలేదు. ఆనాటి నుంచి మిగల్చడం ఆయనకు నియమమైంది. ఆ మిగులు చాలాసార్లు అక్కరకొచ్చింది కూడా. దాంతో నియమం కాస్తా మొండితనంగా ముదిరింది.

రిటైరు కావడానికి ఏడాది ముందు పెద్ద డాక్టరమ్మ ఒక అధ్యయనం మొదలుపెట్టింది. వయసు మళ్లినవాళ్లకు కణత పక్కన రక్తనాళం వాచే జబ్బు ఒకటుంది. ముదిరితే కంటికి రక్తం అందక చూపు పోతుంది. నాళంలో చిన్న ముక్క తీసి చూస్తారు. చిక్కల్లా ఏమిటంటే, వాపు నాళమంతటా ఉండదు. ఒకచోట ఉండి, పక్కనే శుభ్రంగా ఉంటుంది. అందుకే డాక్టరమ్మ కాగితం మీద రాసి యంత్రం ఎదుట గోడకు అంటించింది: ప్రతి ముక్కనూ చివరిదాకా కొయ్యాలి.

మైనం మామయ్య చదివి తలూపాడు. కాగితాలు రాసేవాళ్లకేం తెలుసు, రేపు కావాలంటే ఎక్కడ తెస్తారు అనుకున్నాడు. వచ్చిన ప్రతి ముక్కనూ మూడు చోట్ల కోసి మిగతాది దాచాడు. ఎవరికీ చెప్పలేదు.

పదకొండో ముక్క బావది. బావ దర్జీ.

"తలనొప్పంటే మీ అక్క వల్లే అనుకున్నాన్రా ఇన్నాళ్లూ. ఇప్పుడు నమిలితే దవడ కూడా లాగేస్తోంది."

"తినేటప్పుడే నొప్పట ఈయనకి," అంది అక్క. "మాట్లాడేటప్పుడు నొప్పెడితే ఇంత దూరం తీసుకొచ్చేదాన్నే కాదు."

"కోసేది నేనేగా బావా, నీకెందుకు దిగులు," అన్నాడు మైనం మామయ్య.

సొంత మనిషిది కదా అని ఎప్పటికన్నా ఎక్కువే మిగిల్చాడు. పై అంతస్తు డాక్టరు చూసి వాపు లేదని రాశాడు. ఆ జబ్బేనేమోనన్న అనుమానంతో అప్పటిదాకా ఇస్తున్న మందు తగ్గించుకుంటూ వచ్చి ఆపేశారు. ఐదు వారాలకు ఒక ఉదయం బావ సూదిలో దారం ఎక్కించబోతూ, కుడికంటికి తెర వేసినట్టుందని అక్కను పిలిచాడు. ఆసుపత్రికి వచ్చేసరికే ఆ కన్ను పోయింది. రెండోదాన్నైనా కాపాడదామని మందు మళ్లీ మొదలుపెట్టారు.

డాక్టరమ్మ కిందికి దిగి వచ్చింది.

"పదకొండోది మళ్లీ చూడాలి. ఏమైనా మిగిలిందా?"

"సగం పైనే ఉందమ్మా." అలవాటుకొద్దీ కాస్త గర్వంగానే అన్నాడు. మాట నోరు దాటాక గానీ దాని బరువు తెలియలేదు.

ఆమె గోడ మీది కాగితాన్ని చూసింది. "కొయ్యండి," అంది.

నాలుగో కోతలోనే బయటపడింది. నాళం గోడ ఉబ్బిపోయి, రక్తం పారే దారి సూదిబెజ్జమంత మిగిలింది. ఆమె లేచి మైక్రోస్కోపు ముందున్న తన కుర్చీలో ఆయన్ను కూర్చోబెట్టి చూపించింది. ఆ కుర్చీలో కూర్చోవడం ఆయనకు అదే మొదటిసారి.

"మిగతావాళ్లవి?"

"అన్నీ అంతేనమ్మా. మొత్తం ఇరవై ఆరు."

"అవన్నీ కొయ్యండి," అంది. రెండు రోజులు యంత్రం దగ్గర నుంచి లేవకుండా అన్నీ చివరిదాకా కోశాడు. ఇంకో ఇద్దరిలో వాపు కనిపించింది. ఒకామెకు వేళకు మందందింది. రెండో ఆయన తడుముకుంటూ, కూతురి చెయ్యి పట్టుకుని వచ్చాడు.

"మీ ఇంట్లో నన్ను చెప్పమంటారా?" అని డాక్టరమ్మ అడిగింది. నేనే చెప్తానన్నాడు. చెప్పడానికి తొమ్మిది రోజులు పట్టింది.

బావ మిషను ముందు తల ఒక పక్కకు వాల్చి, ఉన్న కంటితో కుట్టు చూసుకుంటున్నాడు. అంతా విని, మిషను చక్రం మీద చెయ్యి ఆనించాడు.

"నేనూ మడతలో గుడ్డ వదుల్తాన్రా, పిల్లలెదుగుతారని. కానీ కొలత ఇచ్చినవాడికి చెప్పి వదుల్తాను."

"తప్పే బావా."

"మీ అక్కకు నేను చెప్తాలే, నువ్వెళ్లు. నువ్వు చెప్తే అందులోనూ సగం దాచుకుంటావు."

ఆయన కదలలేదు. అక్క బజారు నుంచి వచ్చేదాకా ముక్కాలి పీట మీదే కూర్చున్నాడు. వచ్చాక, గోడ మీది కాగితంతో మొదలుపెట్టి మొత్తం చెప్పాడు. అక్క చేతిలో సంచీ కింద పెట్టలేదు.

"ఆ రోజే మొత్తం కోసుంటే ఆ కన్ను ఉండేదా?"

ఉండేదేమో అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అందులో అబద్ధం కూడా లేదు, డాక్టరమ్మ కూడా అంతే అంది.

"ఉండేదక్కా," అన్నాడు.