వేపాకులూ చీపురూ

నాంపల్లిలో మేం కిరాయికున్న ఇంటి వెనక ఒక మడి ఉండేది. మడి అనడం నా మర్యాద. కూలిన గోడ గచ్చూ, రైలు బొగ్గు బూడిదా కలిసిన ఆ నేల పోసిన నీళ్లను మన కాళ్ల మీదికే తిప్పి పంపేది. ఇంటి యజమానికి సుల్తాన్ బజార్లో బట్టల దుకాణం. మట్టంటే గిట్టదు.

"వచ్చే వానలు పోయేలోపల పచ్చగ ఏమన్న కనవడితె సరే సాబ్. లేకుంటె దసరాకు షాబాదు బండలు పరిపిస్త," అన్నాడు.

మాకున్న మట్టి అంతే. అదీ బండల కిందికి పోతే ఒక్క తీగ పెట్టుకునే జాగా ఉండదు. అందుకని చదివిన చదువంతా దానిమీదే పెట్టాను. ఎండాకాలమంతా మూలన గుంట తీసి కూరగాయల తొక్కులు, బర్రె పేడ, ఎండాకులు పొరలుగా వేసి మగ్గబెట్టాను. స్టేషన్ రోడ్డులో వేపాకులు ఏరి గోనెసంచీలో మోసుకొస్తుంటే, ఆబిడ్స్ ఆఫీసులో నాతోటి గుమాస్తాలు ఎదురై, ఏమీ అడక్కుండా తప్పుకునేవారు. తొలకరికి ఎరువు మడిలో కలిపాను. ఊళ్లో పొలానికి పెంట తోలిన మనిషి గనక అమ్మ మెచ్చుకుంది. చిక్కుళ్లు మొలిచాయి. మట్టి మళ్లీ గట్టిపడకుండా పైన దాచిన వేపాకులు మందంగా పరిచాను.

తెల్లారేసరికి ఆకుల్లేవు. అమ్మ వాకిలితోపాటు మడినీ ఊడ్చి పేడనీళ్ల సాంపి చల్లింది. ఆకులు స్నానాల కాగు కింద మండుతున్నాయి.

"అమ్మా, అది చెత్త కాదే."

"మరేంది?"

"మట్టికి దుప్పటి."

"మట్టికి సలి వెడ్తదా కొడుకా? ఇంటెనుక చెత్తుంటె లక్ష్మి వస్తదా?"

మళ్లీ పరిచాను. మళ్లీ ఊడ్చింది. శాస్త్రం వివరించాను. శ్రద్ధగా విని, "ఔ, నిజమే," అని, మర్నాడు ఇంకా శుభ్రంగా ఊడ్చింది. వానలు సగమయ్యాయి. చిక్కుళ్లు జానెడు దాటలేదు.

ఒక శుక్రవారం అమ్మ, దేవుడి దగ్గర వాడిన పూలు నా చేతిలో పెట్టి, "తొక్కని జాగల వెయ్యి. చీపురు తాకొద్దు," అంది.

ఆ రోజునుంచి మా ఇంట్లో నన్ను మించిన భక్తుడు లేడు. పోచమ్మకు వేపాకు ఇష్టమని అమ్మకు నేను చెప్పాల్సిన పనిలేదు. రోజూ గంపెడు ఆకు పటం ముందు పెట్టి, దండం పెట్టి, తీసుకెళ్లి మడిలో పరిచేవాణ్ణి. అమ్మ చీపురు మడి అంచుదాకా వచ్చి, ఆగి, పక్కకు తిరిగేది. ఆకుల కింద మట్టి నల్లబడింది. వేలు దిగింది. వానపాములొచ్చాయి. తీగ గోడెక్కింది.

దసరాకు ముందు యజమాని మేస్త్రీతో వచ్చాడు. నమ్మకం లేక తీగ మొదలు చూద్దామని మడిలో కాలు పెట్టబోయాడు.

"చెప్పులు! చెప్పులిడువున్రి!" అమ్మ కేకకు మేస్త్రీ కూడా విడిచేశాడు. "అమ్మవారి ఆకులున్నయి గాడ!"

యజమాని లెంపలేసుకుని, మడికి ఒక దండం పెట్టి, బండల మాటెత్తకుండా వెళ్లిపోయాడు.

మట్టి దక్కింది. మర్నాడు సంబరంగా పేడగంప ఎత్తుకుని మడి దగ్గరికి పోయాను. అమ్మ అడ్డంగా నిలబడింది.

"తానం చేసినవా?"

గంప దించాను.