రేపల్లె బండివాళ్లు చూడని ముగింపు

ఈ దసరాకి ఏ సినిమా వెయ్యాలా అని మా హోమ్‌లో నవరాత్రులు రాకముందే చర్చ మొదలైంది. బాపట్లలో మేముంటున్న ఈ పెద్దవాళ్ల హోమ్‌లో పండుగనాడు భోజనాలయ్యాక సినిమా చూపించడం ఆనవాయితీ. భోజనాల హాల్లో బల్లలు గోడవారకు జరిపి, కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి చేసి, మేనేజరు అమ్మాయి తన ల్యాప్‌టాప్‌ను ప్రొజెక్టరుకు తగిలించి తెల్లగోడ మీద బొమ్మ వేస్తుంది. మొన్న ఉగాదికి ఒక కొత్త సినిమా వేశారు. అందులో ఎవరు ఎవర్ని ఎందుకు నరుకుతున్నారో తెలియక సగంమంది కూర్చున్నచోటే కునుకు తీశారు, తక్కినవాళ్లు చెవిలో మిషన్లు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. ఈసారి పాత సినిమా వెయ్యాల్సిందేనని నేను గట్టిగా చెప్పాను. నేను గట్టిగా చెబితే మామూలుగా జరుగుతుంది. ఉద్యోగమంతా తెనాలి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేసినదాన్ని, అవతలి మనిషికి వినపడేదాకా మాట్లాడటం నాకు బాగా చేతనైన విద్య.

మేనేజరు అమ్మాయి గదిగదికీ తిరిగి అడుగుతూ మా గదికి వచ్చేసరికి మా మేనత్త మంచం మీద కూర్చుని దీపానికి వత్తులు చేసుకుంటోంది. ఆవిడ మా నాన్నకు ఆఖరి చెల్లెలు. ఎనభై దాటి చాలాకాలమైంది, మోకాళ్లు తప్ప అన్నీ సవ్యంగా పనిచేస్తున్నాయి, నోరు మరీను. తలెత్తకుండానే ఒక పాత నలుపు తెలుపు సినిమా పేరు చెప్పి, అది వెయ్యమ్మా అంది. ఆ పేరు ఇక్కడ ఎందుకు లెండి. అది వినగానే నాకు మాత్రం గాభరా పుట్టింది.

ఎందుకో చెప్పేముందు ఒక మాట. మమ్మల్నెవరూ ఇక్కడ దించి వెళ్లలేదు. నా పిల్లలు రమ్మనే అంటారు, నేనే వెళ్లను. బాపట్లలో ఈ హోమ్‌ను నేనే వచ్చి చూసి, వంట రుచి చూసి, స్నానాల గదుల్లో పట్టుకోవడానికి కడ్డీలున్నాయో లేదో చూసి, అత్తను వెంటబెట్టుకుని వచ్చాను. ఆవిడ పెన్షను ఆవిడది, నా పెన్షను నాది. సాయంత్రమైతే సముద్రపు గాలి వస్తుంది, ఉదయం ఇడ్లీ కాస్త గట్టిగా ఉంటుంది. అంతకుమించి ఫిర్యాదుల్లేవు.

ఇక ఆ సినిమా సంగతి. నా చిన్నతనంలో మాది రేపల్లె. మా ఊళ్లోనూ సినిమా హాలు ఉండేది గాని, కొత్త బొమ్మ ముందు తెనాలిలో పడి, అక్కడ ఆడి ఆడి, మా దగ్గరికి వచ్చేసరికి తెర నిండా గీతలు పడి వాన కురుస్తున్నట్టుండేది. అందుకని కాస్త ఓపికున్న ఆడవాళ్లు పొద్దున్నే వంట ముగించుకుని, రైలెక్కి తెనాలి వెళ్లి, బట్టల కొట్లూ గాజుల కొట్లూ తిరిగి, మ్యాట్నీ చూసి, సాయంత్రం పాసింజరుకు తిరిగి వచ్చేసేవాళ్లు. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, మ్యాట్నీ పూర్తయ్యేదాకా కూర్చుంటే ఆ బండి అందదు. దాని తర్వాతి బండికి చీకటి పడుతుంది, ఇంట్లో చివాట్లు పడతాయి. ఈ సంగతి హాలువాళ్లకు కూడా తెలుసు. కథ మంచి పట్టులో ఉండగా ఆడవాళ్ల బెంచీల వైపు తలుపు కాస్త తెరుచుకుని, గేటు దగ్గరి ముసలాయన చీకట్లోకి తొంగిచూసి, రేపల్లె బండివాళ్లు లేవండమ్మా అని పిలిచేవాడు. అప్పుడు చూడాలి మా అవస్థ. కళ్లు తెర మీద, చేతులు చెప్పుల కోసం కింద, చంకన సంచీ, ఇంకో చేత్తో పిల్లల రెక్క. వెనక్కి చూస్తూ చూస్తూ బయటికి నడిచేవాళ్లం. ఆ రోజుల్లో నేను ఎన్ని సినిమాలు చూశానో లెక్కలేదు గాని, ఒక్కదానికీ చివర చూసి ఎరగను.

అసలు సినిమా రైల్లో మొదలయ్యేది. ఆడవాళ్ల పెట్టెలో సగంమంది ఆ హాల్లోంచి లేచి వచ్చినవాళ్లే. రేపల్లె వాళ్లు, భట్టిప్రోలు వాళ్లు, వేమూరులో దిగేవాళ్లు, ఒకళ్ల పేరు ఒకళ్లకు తెలియదు, అందరూ అక్కయ్యలూ పిన్నులూ వదినలే. బండి తెనాలి దాటగానే, చివరికి ఏమై ఉంటుందంటారు అని ఎవరో ఒకరు కదిలించేవాళ్లు. దాంతో వాదాలు లేచేవి. విలన్ మారతాడని ఒకావిడ, వాడు మారే రకం కాదని ఇంకొకావిడ, తమ్ముడు బతికే ఉన్నాడని మరొకావిడ. వేమూరులో దిగాల్సినావిడ సంగతి తేలకుండా ఎలా దిగుతానని గుమ్మంలో నిలబడిపోయేది. ఆఖరికి అందరూ మా అత్త వైపు తిరిగేవాళ్లు. అప్పటికి ఆవిడకు పాతికేళ్లు నిండలేదు గాని, ఏ కథైనా ఆవిడ నోట పడితే దానికో తీరూ తెన్నూ వచ్చేది. ముగింపు ఇదీ అని ఆవిడ తేల్చేసేది, ఇక దాని మీద అప్పీలు లేదు.

అంత మాటకారి మనిషిని అడవులదీవిలో ఒక మాటలేని మనిషికిచ్చి చేశారు. మూగవాడు కాదు. కొట్లో కూర్చుని వచ్చే పోయే వాళ్లందరితో మాట్లాడేవాడు, భార్యతోనే మాట్లాడేవాడు కాదు. అన్నంలోకి మజ్జిగ కావాలన్నా గోడకేసి చెప్పేవాడట. నేరమేమిటో ఆయన చెప్పలేదు, ఈవిడకూ తెలియలేదు. అలా మూడేళ్లు గడిచాక ఒక అట్లతద్దికి పుట్టింటికి వచ్చిన అత్త తిరిగి వెళ్లకుండా ఉండిపోయింది. కొట్టడు, తాగడు, ఇంకేంటమ్మా నీకు కష్టం అని ఊళ్లో పెద్దవాళ్లు అడిగేవారు. దానికి ఏం చెప్పాలో ఆవిడకూ తెలిసేది కాదనుకుంటాను. మా నాన్న మంచివాడేగాని లోకానికి జడిసే మనిషి. మా నాయనమ్మ సంగతి చెప్పక్కర్లేదు, చుట్టపక్కాలు ఇంటికొస్తే కూతుర్ని వంటింట్లోంచి బయటికి రానిచ్చేది కాదు. చివరికి అటువైపు పెద్దమనుషులు వచ్చి తీసుకువెళతామని కబురు పంపారు. మా వాళ్లు సరేనన్నారు.

వాళ్లు రావాల్సిన రోజుకు ముందు వారంలో అత్త నన్ను వెంటబెట్టుకుని తెనాలి వెళ్లి చూపించింది ఆ సినిమా. భార్యను అనుమానించి ఇంట్లోంచి పంపేసిన భర్త, ఆమె చంటిపిల్లతో పడిన పాట్లు, ఏళ్లు గడిచాక ఆయనకు నిజం తెలియడం, ఆమెను వెతుక్కుంటూ ఆ ఊరు రావడం. ఆయన గుమ్మంలో నిలబడ్డాడు, ఆమె లోపలినుంచి చూసింది. సరిగ్గా అక్కడ, రేపల్లె బండివాళ్లు లేవండమ్మా.

ఆనాటి రైలు నాకింకా కళ్లకు కట్టినట్టుంది. పెట్టెలో దాదాపు అందరిదీ ఒకటే మాట, ఆమె వెళుతుంది, వెళ్లక ఏం చేస్తుంది, పిల్లకు తండ్రి కావద్దా అని. అత్త చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. అడగ్గా అడగ్గా ఇటు తిరిగి, ఎప్పటికంటే చిన్న గొంతుతో చెప్పింది.

"వెళ్లదండి. వచ్చినందుకు కాళ్లు కడుక్కోడానికి నీళ్లిస్తుంది, అన్నం పెడుతుంది, పంపించేస్తుంది. పిల్లని తనే పెంచుకుంటుంది."

పెట్టె అంతా చప్పబడిపోయింది. ఆఖరికి మూలన జామకాయల తట్ట ముందు పెట్టుకుని కూర్చున్న ఒక పెద్దావిడ, సినిమా చూసిన మనిషి కూడా కాదు, మంచి పనే చేసింది అంది. ఆ పక్కావిడ కూడా ఏమో, అదే నయమేమో అంది. ఇంతలో భట్టిప్రోలు వచ్చింది.

పెద్దమనుషులు వచ్చిన రోజున అత్త వాళ్లకు కాళ్లు కడుక్కోడానికి నీళ్లిచ్చింది, దగ్గరుండి వడ్డించింది, భోజనాలయ్యాక వంటింటి గడప మీద నిలబడి నేను రానండి అని చెప్పింది. మా నాయనమ్మ నెత్తీ నోరూ బాదుకుంది. మా నాన్న వారం రోజులు వీధి మొహం చూడలేదు. తర్వాత ఆవిడ ట్రైనింగ్‌కు వెళ్లింది, రేపల్లె పక్కనే నగరం అనే ఊరుంది, దాని దగ్గర ఒక పల్లెటూరి బడిలో టీచరుగా చేరింది, రిటైరయ్యేదాకా పిల్లలకు కథలు చెబుతూనే ఉంది. నా చదువూ, ఆ తర్వాత ఉద్యోగమూ ఆవిడ పట్టుబట్టబట్టే వచ్చాయి. నా మటుకు నేను, సినిమాలో ఆ భార్య వెళ్లలేదు కాబట్టే మా అత్త వెళ్లలేదని నమ్ముతూ పెరిగాను.

ఇప్పుడు ఆ సినిమాయే కావాలంది. అమ్మాయి గది దాటిన మరుక్షణం నేను ఫోను తీసి, వరండాలోకి వెళ్లి ఆ సినిమా చివర చూశాను. ఇన్నేళ్లూ చూడబుద్ధి కానిది అది. ఏముంటుంది, మీరు ఊహించిందే. ఆమె పరుగున వచ్చి భర్త కాళ్ల మీద పడింది, ఆయన లేవనెత్తాడు, పిల్ల ఇద్దరి మధ్యా నిలబడి నవ్వింది, శుభం. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ వయసులో ఆవిడ ఇది చూసి, నా బతుకంతా లేని ముగింపు మీద కట్టుకున్నానా అనుకుంటే? నేనూ వెళ్లి ఉండాల్సిందేమో అని ఒక్క రాత్రి బాధపడినా నేను చూడలేను. ఇంకో సినిమా చూద్దామని ఎన్ని విధాల చెప్పినా ఆవిడ వినలేదు. మా ఇద్దరిదీ ఒకటే మొండితనం, అది మా వంశానికే ఉంది. ఇక లాభం లేదని మేనేజరు అమ్మాయి దగ్గరికి వెళ్లి, భర్త గుమ్మంలోకి రాగానే ఆపేసి మిషను చెడిందని చెప్పమన్నాను. ఆ పిల్ల అయోమయంగా చూసి, మీరు చెప్తే సరేనండి అంది.

పండుగనాడు పులిహోర, బూరెలు, గుగ్గిళ్లు. అందరూ ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చి కూర్చున్నారు. మా ఎదురుగది బాబాయిగారు, తెనాలి మనిషి, ఇందులో ఫైటింగులు లేవా అని ముందే అడిగి, లేవని తెలిసి కూడా ముందు వరసలోనే కూర్చున్నారు. పాటలకు అందరూ గొంతు కలిపారు. ఎంత హాయిగా జరుగుతోందో అనుకుంటూనే నేను గోడ గడియారం చూసుకుంటున్నాను. భర్త గుమ్మంలోకి వచ్చాడు. నేను అమ్మాయికి సైగ చేశాను. బొమ్మ ఆగిపోయింది, లైట్లు వెలిగాయి.

హాలంతా గోలెత్తిపోయింది. బాబాయిగారు సగం లేచి, ఏంటమ్మా ఇది, ఇప్పుడేగా అసలు కథ అన్నారు. అమ్మాయి మిషను, మిషను అని నసుగుతూ నా వైపు చూసింది. ఆ చూపు అత్త పట్టేసింది. జీవితమంతా బడిలో పిల్లల మొహాలు చదివిన మనిషి.

"నువ్వేనా ఆపించింది?" అంది. "ఎందుకే? చివర్లో ఆ పిల్ల మొగుడితో వెళ్లిపోతుందనా? నాకు తెలుసు."

అప్పుడు ఆవిడ నా చెయ్యి తీసుకుని, పక్కవాళ్లకు వినపడకుండా చెప్పింది. నన్ను తీసుకువెళ్లడానికి ముందే ఆవిడ ఆ సినిమాను పక్కింటావిడతో వెళ్లి చూసిందట, ఆ రోజు తెనాలిలో పక్కింటావిడ చుట్టాలింట్లో ఆగిపోయారు కాబట్టి చివరిదాకా కూర్చుందట.

"ఆ పిల్ల వెళ్లింది, అది సినిమా పిల్ల. నాకు వెళ్లాలని లేదు. ఆ మాట ఇంట్లో అంటే ఏమవుతుందో తెలియదు. ముందు ఎక్కడైనా అని చూద్దామనిపించింది. అందుకే రైల్లో అన్నాను. ఎవరూ ఛీ అనలేదు. సరే, అనొచ్చన్న మాట అనుకున్నాను. మళ్లీ వెయ్యమను, వీళ్లంతా చూడాలి కదా."

వెయ్యమన్నాను. ఆమె భర్త కాళ్ల మీద పడితే వెనక వరసల్లో ముక్కులు చీదడం వినిపించింది. అత్త గుగ్గిళ్లు నములుతూ, పాపం, బాగా చేసింది ఆ అమ్మాయి అంది, నటన గురించి. నేను ఏడ్చాను, సినిమాకు కాదు. ఇన్నేళ్లూ ఆవిడ ధైర్యాన్ని ఒక సినిమాకు అప్పజెప్పి కూర్చున్నాను. అది మొదటినుంచీ ఆవిడదే. అది తెలిశాక నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు.

దసరా వెళ్లాక ఒక పని మీద తెనాలి వెళ్లి, ఊరికే చూద్దామని రేపల్లె బండెక్కాను. పెట్టె శుభ్రంగా ఉంది, ఫ్యాన్లు తిరుగుతున్నాయి. నా ఎదురుగా ఒక చిన్నమ్మాయి, కొత్త పెళ్లికూతురు కాబోలు, చేతులకు గోరింటాకు ఇంకా పోలేదు, చెవుల్లో వైర్లు పెట్టుకుని ఫోనులో సినిమా చూసుకుంటోంది. శుభం పడేదాకా చూసింది, ఎవరూ లేవమనలేదు. అది మంచిదే, మేము పడిన అవస్థ వాళ్లకు లేదు. చూడటమయ్యాక ఫోను ఒళ్లో పెట్టుకుని ఆ పిల్ల ఏదో అడగాలన్నట్టు మా అందరి మొహాల వంకా ఒకసారి చూసింది. ఒక్కరూ తలెత్తలేదు. నేను పలకరించేలోపే మళ్లీ ఫోను అందుకుంది.