పిల్లను చూడబోయి యుద్ధానికి దిగిన వైనం

పెళ్లిచూపుల్లో పరువు పోగొట్టుకోవడానికి మనుషులకు చాలా దారులున్నాయి. కొందరు ఫలహారం దగ్గర దొరికిపోతారు, కొందరు జీతం ఎక్కువ చెప్పి దొరికిపోతారు. నేను వేలెడంత మట్టి సైనికుల చేతిలో దొరికిపోయాను. ఆనాడు జఫర్‌గఢ్‌లో పెద్దమనుషులను పస్తులుంచి, పొయ్యి మీది యాటకూరను చల్లార్చి, ఖాయం కావలసిన సంబంధాన్ని వర్జ్యం అంచుదాకా నెట్టుకొచ్చిన ఘనత పూర్తిగా నాదే. అందులో ఇంకెవరికీ వాటా లేదు. మీరు నవ్వుతారని తెలుసు, నవ్వండి. మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ ఆపుకోరు.

ఎనభైల మొదట్లో సంగతి. మాది నర్మెట్ట. ఇంటి దగ్గర వ్యవసాయం, నాకు జనగామలో గుమాస్తా ఉద్యోగం. స్టేషన్‌కు దగ్గరలో ఒక గది అద్దెకు తీసుకుని నేనూ, నాకంటే కాస్త పెద్దవాడైన సత్తయ్యా ఉండేవాళ్లం. ఆదివారం వస్తే మిగతా కుర్రాళ్లు సినిమాకు పోయేవాళ్లు. మేమిద్దరం మాత్రం నేల మీద దుప్పటి పరిచి యుద్ధం చేసేవాళ్లం.

నిజంగానే యుద్ధం. జాతరలో కొన్న ఆకుపచ్చ ప్లాస్టిక్ సైనికులు, అగ్గిపెట్టెలతో కట్టిన ఇళ్లు. ఏనుగులూ గుర్రాలూ ఉండే రాజుల యుద్ధం కాదు, ఇప్పటి కాలపు గల్లీ కొట్లాట. ఒక్కొక్కరికి గుప్పెడు మంది జవాన్లు, ఆ చివర సత్తయ్య వాళ్లు, ఈ చివర నా వాళ్లు. దీనికి సత్తయ్య దగ్గర రూళ్లుండేవి. జానెడు జరుపు, పాచిక వెయ్యి, పెద్ద అంకె పడితే ఎదుటివాడు పడిపోయాడు. అంతే. చాయ్ చల్లారేలోగా ఒక దేశం గెలిచేది.

ఇంత హాయిగా ఉంటే నాకెందుకు నచ్చుతుంది? హైదరాబాద్ హాస్టల్‌లో చదివే సత్తయ్య తమ్ముడు ఒకసారి సైక్లోస్టైల్ తీసిన ఇంగ్లీషు రూలు పుస్తకం తెచ్చాడు. ఇటుకంత మందం. సైనికుడికి కనిపించేది ఎంత, అలసట ఎంత, ధైర్యం ఎంత, గాలి ఎటు వీస్తున్నది, వాన పడితే బూటు ఎంత జారుతుంది, అన్నీ అందులో ఉన్నాయి. జలుబు చేసినవాడి గురి ఎంత తప్పుతుందో కూడా ఎక్కడో ఉండే ఉంటుంది, నేను ఆ పేజీదాకా పోలేదు. మొదటిచూపులోనే ఆ పుస్తకం మీద మనసు పడ్డాను. మనిషికి అలాంటి చూపు ఒక్కసారే కలుగుతుందంటారు. నాది అక్కడ ఖర్చయిపోయింది.

"తమ్మీ, గీ పుస్తకంతోని ఆడితె మనం పింఛన్ తీసుకునేదాక ఒక్క ఆట గూడ ఒడువది, ఖతం గాదు" అన్నాడు సత్తయ్య.

"నీ రూల్ల లెక్కనే లేదన్నా. గిది అసలైన యుద్ధం."

"అసలైన యుద్ధంల గూడ మందికి నిద్ర పడతది. నువ్వు నన్ను పండుకోనిస్తలేవు."

ఇలా ఉండగా మా తరిగొప్పుల మామ, అంటే నన్ను కన్న అవ్వకు తమ్ముడు, ఒక సంబంధం పట్టుకొచ్చాడు. జఫర్‌గఢ్ రాజలింగం గారి బిడ్డ సుగుణ. ఆయన ఫౌజులో పనిచేసి వచ్చి వ్యవసాయం చూసుకుంటున్నాడు. ఊళ్లో అందరూ మిలిటరీ రాజలింగం అంటారు. పిల్ల చదువుకున్నది, కుటుంబం మంచిది. మా బాపుకు ఎంత నచ్చిందంటే, అంతకుముందు వచ్చిన సంబంధాలన్నిటికీ వంకలు పెట్టిన మనిషి ఈసారి ఎదురు ఒక్క మాట అనలేదు. సంబంధం తప్పిపోతే మళ్లీ ఇలాంటిది దొరకదని నాకూ భయంగానే ఉండేది.

"ఇంకో ముచ్చట" అన్నాడు మామ నన్ను పక్కకు పిలిచి. "నీకున్న పిచ్చే ఆయనకున్నది. వసారల మట్టిబొమ్మల సిపాయిలను పెట్టి లడాయి ఆడుతడట. నిన్ను గూడ ఆడుమంటడు. ఏ రూల్తోని ఆడుదామని అడిగితె 'మీ ఇష్టం మామా' అను. జర్ర సేపు ఆడు, ఓడిపో, లేచి దండం పెట్టు. సమజైందా?"

సమజైందన్నాను. సమజైనవాడు చేసే పనేనా చెప్పండి, బయలుదేరేముందు సంచిలో ధోవతి కింద ఆ ఇటుక పెట్టుకున్నాను.

అవ్వకు జ్వరం తగిలి రాలేకపోయింది. ముగ్గురం పోవద్దని సత్తయ్యను కూడా కలుపుకుని బాపు, మామ, నేను నలుగురం బస్సెక్కాం. మధ్యాహ్నం రెండు గంటలకు వర్జ్యం మొదలవుతుందనీ, ఆలోపు మాట ఖాయం కావాలనీ అయ్యగారు చెప్పి పంపాడు. ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి మీకు చెప్పాలి. పిల్లను చూడబోయినప్పుడు మాట ఖాయం కాకముందు ఆ ఇంట్లో చాయ్ తాగవచ్చు, మంచినీళ్లు తాగవచ్చు, అన్నం మాత్రం ముట్టరు. ముందు మాట, తర్వాత మెతుకు. ఆ నమ్మకంతోనే మా బాపు పొద్దున ఇంట్లో ఏమీ తినకుండా వచ్చాడు.

రాజలింగం గారు ఎత్తయిన మనిషి. నవ్వినా నిటారుగానే నవ్వుతాడు. వసారాలో రెండు మంచాల మీద తలుపు చెక్క వేసి, దాని మీద ఇసుక పోసి, మట్టితో చిన్న ఇళ్లు, పుల్లలతో దడులు కట్టాడు. రెండు వైపులా మట్టి సిపాయిలు. చూడగానే నా చేతులు దురద పెట్టాయి.

"మీ మామ చెప్పిండు పిలగా, నీకు గూడ గీ షోకు ఉన్నదట. ఒక్క ఆట ఆడుదామా? ఏ రూల్తోని ఆడుదాం చెప్పు. నాయి మూడే రూల్లు, నోటికొచ్చు."

తరిగొప్పుల మామ నా తొడ గిల్లాడు. నేను సంచి విప్పాను.

"మామా, నా తాన ఒక పుస్తకం ఉన్నది. మోడర్న్ యుద్ధానికి గిదే సరైంది."

మామ కళ్లు మూసుకున్నాడు. సత్తయ్య ఇంటికి పోయే బస్సు ఎన్ని గంటలకో ఎవరినో అడగడానికి బయటికి పోయాడు. రాజలింగం గారు మర్యాదస్తుడు. "కాబోయే అల్లుడు అడిగితె కాదంటనా" అని కూర్చున్నాడు.

ఆయన మొదటి సిపాయిని జరిపి దడి దాటించాడు.

"ఆగుండ్రి మామా. దడి దాటాల్నంటె ముందు ఆ సిపాయి అలిసిపోయిండా లేదా చూడాలె."

"గిప్పుడే గద బయలెల్లిండు."

"రాత్రి నిద్ర వోయిండో లేదో గూడ చూడాలె."

"బిడ్డా, నేను ఫౌజుల ఇరవై ఏండ్లు చేసిన. రాత్రి నిద్ర వోయినవా అని నన్నొక్కడు అడుగలే."

"గందుకే ఈ పుస్తకం రాసిన్రు" అన్నాను నేను. ఆ మాట అన్నవాడిని ఇప్పుడు ఎదురుగా నిలబెడితే చెవి పట్టుకుని బయటికి నడిపించేవాడిని.

దారం పట్టి ఎవరికి ఎవరు కనిపిస్తున్నారో కొలిచాను. నోటితో ఊది గాలి ఎటో చెప్పాను. పాచిక వేసి ఒక్కొక్కడి ధైర్యం చూశాను. పదకొండు దాటింది, పన్నెండు దాటింది. ఇంకా ఎవరూ ఒక్క తుపాకీ పేల్చలేదు. నా సైనికులు మాత్రం ధైర్యపరీక్ష పెట్టినప్పుడల్లా తప్పి వెనక్కి పరుగెత్తుతున్నారు. లోపలినుంచి యాటకూర వాసన వచ్చి మా అందరి మధ్య కూర్చుంది.

ఈలోగా గాజుల చెయ్యి ఒకటి నా పక్కనుంచి వచ్చి, చెక్క మీద నీళ్ల గ్లాసు పెట్టబోయింది. నేను పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

"గక్కడ పెట్టకుండ్రి, గది చెరువైతది" అన్నాను.

నా కాబోయే భార్యతో నేను మాట్లాడిన మొదటి మాట అది. కవిత్వం అంటే అదీ.

బాపు గొంతు సవరించుకున్నాడు. "బావా, ఆట నడుస్తుండనియ్యి. మనం గీ మాట ముచ్చట అనుకుందామా?"

"లడాయి నడిమిట్ల నేను మాటియ్య బావా" అన్నాడు రాజలింగం గారు. "ఫౌజుల పడ్డ ఆదత్. ఆట ఒడువనీ, గప్పుడే మాట. మాటైనంక అన్నం."

బాపు నా వైపు చూశాడు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టిన రోజు కూడా ఆయన అలా చూడలేదు. "ఒడిసే ఉపాయం చెయ్యిరా" అన్నాడు మెల్లగా. "నా కడుపుల పేగులు ఒకదాన్నొకటి తింటున్నయి."

అప్పటికి ఒకటిన్నర. ఇంత మంచి సంబంధం రెండింటి తర్వాత ఉండదు. వర్జ్యంలో మాట తీసుకోరు, ఇంకో మంచి రోజుకు వాయిదా వేస్తారు, ఆలోగా వీళ్లు మనసు మార్చుకుంటారు. మామ చెప్పినట్టు ఓడిపోయి లేవడమే దారి.

"మామా, నేను ఓడిపోతున్న" అన్నాను.

"మంచిది బిడ్డా" అని ఆయన లేవబోయాడు.

అక్కడ ఊరుకున్నా బతికేవాడిని. "జర ఆగుండ్రి, ఎట్ల లొంగిపోవాల్నో పుస్తకంల చూస్త" అన్నాను.

ఉన్నది. లొంగిపోవడానికి ఒక అధ్యాయమే ఉన్నది. దళపతి ఒప్పుకుంటే చాలదు, ప్రతి సైనికుడూ విడివిడిగా ధైర్యపరీక్ష తప్పితేనే లొంగిపోయినట్టు. మొదటివాడికి పాచిక వేశాను, ఆరు పడింది. రెండోవాడికి వేశాను, మళ్లీ ఆరు. పొద్దటినుంచి ఆకు కదిలితే పారిపోయిన పిరికి వెధవలు, లొంగిపొమ్మనేసరికి ఒక్కసారిగా శూరులైపోయారు. ఎన్నిసార్లు వేసినా అంతే. ప్రాణం పోయినా లొంగం అంటున్నారు.

"ఏందిరా?" అన్నాడు బాపు.

"మనోళ్లు ఒప్పుకుంటలేరు బాపూ."

"ఎవలు?"

"సిపాయిలు."

"వాళ్లకు చెప్పురా, లోపల అన్నం సల్లారుతున్నదని."

అప్పుడు దర్వాజ దగ్గరినుంచి ఒక ఆడగొంతు వినిపించింది. సుగుణ. "బాపూ, ఆయనను ఒక్క మాట అడగాల్నా?" అని తండ్రిని అడిగి, నాతో అన్నది. "సిపాయిల ముచ్చట ఇడిసిపెట్టుండ్రి. మీరు ఓడిన్రా, లేదా?"

ఎంత చిన్న ప్రశ్న. దానికి నేను ఏం చేశానో తెలుసా? "చూసి చెప్త" అని పేజీ తిప్పాను.

ఎప్పుడో తిరిగొచ్చి కూర్చున్న సత్తయ్య ముందు నవ్వాడు. తర్వాత మామ నవ్వాడు, లోపల ఆడవాళ్లు నవ్వారు. మా బాపు నవ్వలేదు. లేచి వచ్చి నా చేతిలోంచి పుస్తకం గుంజుకుని, కుర్చీలో వేసి దాని మీద కూర్చున్నాడు.

"గిప్పుడు చెప్పు" అన్నాడు.

"ఓడిన" అన్నాను తల వంచుకుని.

రెండింటికి ఇంకా కొద్ది నిమిషాలే ఉన్నాయి. సంబంధం పోయిందని నాకు ఖాయంగా అనిపించింది. బస్సులో బాపు ఏమంటాడో, అవ్వకు ఏం చెప్పాలో ఆలోచిస్తున్నాను. నిజం చెబుతున్నాను, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రాజలింగం గారు మీసం సవరించుకుని మా బాపు వైపు తిరిగాడు.

"బావా, నా బిడ్డను ఇస్తున్న. మాట తీసుకో."

బాపు నమ్మలేదు. "గిదంత చూసినంక గూడనా?"

"చూసినంకనే. గెలుస్తనని వచ్చిన పిలగాండ్లను శానమందిని చూసిన. ఓడిపోనీకె గూడ పుస్తకం దేవులాడెటోన్ని గిప్పుడే చూస్తున్న. గిసుంటోడు నా బిడ్డతోని జిందగీల ఒక్కసారి గెలువడు. నాకు నిమ్మలం."

మాట ఖాయమైంది. యాటకూర మళ్లీ వేడి చేశారు. బాపు ఎంత తిన్నాడంటే, పుస్తకం మీదనుంచి లేవడానికి ఇద్దరు చెయ్యి పట్టాల్సి వచ్చింది.

సాయంత్రం ఇంటికి చేరేసరికి అవ్వ దుప్పటి కప్పుకుని వాకిట్లోనే కూర్చుని ఉంది. "పిల్ల ఎట్లున్నదిరా?" అన్నది ఆశగా.

నేను నోరు తెరిచాను. పొద్దటినుంచి జరిగినదంతా ఒకసారి గుర్తు చేసుకున్నాను. దారం గుర్తుంది, గాలి గుర్తుంది, ధైర్యపరీక్షలన్నీ గుర్తున్నాయి.

"గాజులు ఆకుపచ్చగున్నయవ్వా" అన్నాను.

లగ్గంనాడు మా మధ్య పట్టిన తెర దించిన తర్వాతే సుగుణ మొహం మొదటిసారి చూశాను. చూసి బిత్తరపోయి నిలబడ్డాను, అంత బాగుంది. ఆమె పెదవులు కదిలీ కదలనట్టు అన్నది. "గిప్పుడన్న కనవడుతున్ననా, దారం పట్టి చూస్తరా?"

కాబట్టి పాఠకులందరి సాక్షిగా, తూర్పు ముఖంగా కూర్చుని ప్రతిజ్ఞ చేస్తున్నాను. అన్నం వేళకు ఏ రూలు పుస్తకమూ విప్పను. మామగారు మూడు రూళ్లు చాలంటే మూడే చాలంటాను. భార్య ఏదైనా అడిగితే పేజీ తిప్పి జవాబు చెప్పను. ఈ ప్రతిజ్ఞ ఇలా రాసి సుగుణకు చదివి వినిపించాను.

"ప్రతిజ్ఞల గూడ మూడు రూల్లు పెట్టిన్రా?" అన్నది.

"ఓడిన" అన్నాను.