నేను నేర్పిన 'చ'

ఈ మాట ఇన్నేళ్ళుగా నా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మింగుడు పడదు, బయటికీ రాదు. మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెప్పుకుంటున్నాను.

డిగ్రీ చదివే రోజుల్లో, పని నేర్చుకోమని కాలేజీ వాళ్ళు నన్నూ నా స్నేహితురాలు మంగనూ గుణదలలో ఒక రికార్డింగ్ స్టూడియోకి పంపారు. మేడ మీద చిన్న గది. రైలు వెళ్ళినప్పుడల్లా రికార్డింగ్ ఆపేసి కూర్చోవాలి. మంగది బందరు అవతల సముద్రపు ఒడ్డు పల్లె. వాళ్ళమ్మ చేపలు అమ్ముతుంది. 'చ' అనాల్సిన చోట మంగ 'స' అనేది. క్లాసులో అందరూ నవ్వేవాళ్ళు. నేనైతే వెక్కిరించేదాన్ని కూడా. కానీ ఆ గొంతులో ఉన్న ఆప్యాయత నా గొంతులో లేదని నాకు తెలుసు. తెలిసే కుళ్ళుకున్నాను.

రొయ్యల మేత ప్రకటన ఒకటి వచ్చింది. "మా చెరువు చల్లగా ఉంటే మా కడుపు చల్లగా ఉంటుంది." ఇంతే మాట. మంగ టీ తేవడానికి కిందికి వెళ్ళినప్పుడు స్టూడియో సార్ నాతో అన్నారు, అచ్చం ఒడ్డున వాళ్ళు మాట్లాడుకున్నట్టే కావాలి, ఇద్దరూ చెప్పి చూడండి, ఆ అమ్మాయికీ ఈ సంగతి చెప్పు అని. మర్నాడు ముందు మంగ వంతు. మైకు దగ్గరికి వెళ్ళబోతుంటే రైలొచ్చింది. అందరం ఆగాం. ఆ చప్పుడులో తను నా చెవి దగ్గరికి వంగింది.

"ఎట్టా సెప్పనే? మా ఇంట్లో లాగా సెప్పనా, నీలాగా సెప్పనా?"

"నాలాగే చెప్పు. మీ యాసలో చెబితే నవ్వుతారే."

రైలు వెళ్ళిపోయింది. కాదే, నీలాగే చెప్పు అనడానికి అప్పటికీ వ్యవధి ఉంది. ఎందుకు అనలేదు? నలుగురిలో తన పరువు పోకూడదనుకున్నానా? చాలాకాలం అలా నన్ను నేను నమ్మించుకోవాలని చూశాను. కుదరలేదు.

మంగ ఒక్కో 'చ'నూ పట్టి పట్టి పలికింది. సార్ "సరేనమ్మా, చాలు" అన్నారు. తను బయటికి వచ్చాక నేను వెళ్ళి తలుపు వేసుకుని, మంగలా చెప్పాను. సెరువు. సల్లగా. వెక్కిరించి వెక్కిరించి నాకు బాగా వచ్చేసింది. సార్ మురిసిపోయారు. అప్పటికప్పుడు అలా మార్చి చెప్పమన్నారని మంగతో అబద్ధమాడాను. నమ్మింది.

నా గొంతుతోనే ఆ ప్రకటన మైకు కట్టిన ఆటోల్లో పల్లెలన్నీ తిరిగింది. ఒకరోజు హాస్టల్లో మంగకు వాళ్ళమ్మ ఫోన్ చేసింది. పక్క మంచం మీదున్న నాకు కూడా వినబడేంత గట్టిగా అంటోంది.

"మైకులో నీ మాట ఇన్నానే అమ్మడూ! మన ఈదంతా సెప్పేసా."

మంగ నా వైపు చూసింది. కోపంగా చూసినా బాగుండేది. కళ్ళు దించుకుని, "అవునమ్మా, నేనే చెప్పాను" అంది.

'చెప్పాను' అంది. వాళ్ళమ్మతో కూడా.

మంగ మళ్ళీ మైకు ముందుకు రాలేదు. ఇప్పుడు మైలవరంలో ఏదో ఆఫీసులో పనిచేస్తోంది. ఫోన్లో పుస్తకం చదివినట్టు మాట్లాడుతుంది. వింటుంటే నాకు ఏడుపొస్తుంది. నేను మాత్రం ఇంకా గొంతుతోనే బతుకుతున్నాను. ఒడ్డు యాస కావాలంటే నన్నే పిలుస్తారు.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతుల్లో లేదు. మంగను అడిగే ధైర్యం నాకు రాలేదు. సార్ మంగకు చెప్పమన్నారు. నేను చెప్పలేదు. ఇంత చిన్న మాట పైకి అనడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.