మూడో తీగ

నా చిన్నప్పుడు ఒకరోజు, మధ్యాహ్నం సరిగ్గా మూడు గంటలకు, రోజూలాగే మా పొలానికి కరెంటు వచ్చింది. అరవైల చివరి సంవత్సరాలవి. శ్రీకూర్మం వెళ్లే దారిలో మా నేల. బావి మీద మోటారు మా తాతయ్య కొత్తగా పెట్టించారు. ఆ యేడు వానలు రాలేదు. వరి నారు పోసిన ఆకుమడి నెర్రెలిచ్చింది. ఆ పూట తడి అందకపోతే నారు పోతుందని, నారు పోతే ఆ యేటికి వరి లేదని ఇంట్లో అందరికీ తెలుసు.

మోటారు తిరిగేది. కాసేపటికి దాని గొంతు మారేది. స్టార్టరు పిడి టక్కున కిందపడి మోటారు ఆగిపోయేది. రెండు రోజులుగా ఇదే వరస. విసిగిపోయిన తాతయ్య, మా వైపు చాలామంది చేసినట్టే, పిడి పడిపోకుండా సందులో చింతపుల్ల దోపారు. నీళ్లు పారాయి. మోటారు గదిలోంచి కమురు వాసన కూడా వచ్చింది.

మా అత్తను పుట్టింట దింపడానికి వచ్చిన మావయ్య అప్పుడే పొలంలోకి వచ్చారు. ఆయన విజయనగరం వైపు ఒక జనపనార మిల్లులో కరెంటు పని చేసేవారు. జ్వరం చూసినట్టు మోటారు మీద చేతి వెనక వైపు ఆనించి, చటుక్కున తీసేసి, మెయిను స్విచ్చి కట్టేశారు.

"ఏటల్లుడూ, మడి ఎండిపోతంటే కట్టేసినావు?"

"మోటారు కాలిపోతన్నాది మావా. ఆ పుల్ల తీసి ఒక్కపాలి ఏద్దాం. కరెంటు ఎంత లాగుతన్నాదో సూడాల."

"సూడ్డానికి అదేటి పెళ్లికూతురా?"

మావయ్య నవ్వలేదు. పుల్లను తాను లాగెయ్యలేదు కూడా. "మీరు దోపినారు, మీరే తియ్యండి. ముందు మోటారు మీద సెయ్యేసి సూడండి" అని పక్కకు జరిగారు.

తాతయ్య చెయ్యి వేసి చూశారు. తర్వాత మడి వైపు చాలాసేపు చూశారు. పుల్ల తీసేశారు.

మావయ్య సంచిలోని, కరెంటు కొలిచే మీటరు పటకారులా నోరు తెరిచి తీగ చుట్టూ మూసుకునేది. తీగ కోయక్కర్లేదు, కానీ మోటారు నడుస్తుండగానే చూడాలి. కాస్త చల్లారనిచ్చి మోటారు వేశారు. స్టార్టరు నుంచి మోటారుకు వెళ్లే మూడు తీగలనూ ఒక్కొక్కటిగా పట్టారు. మూడింటిలోనూ మీటరు ముల్లు ఏడు ఆంపియర్ల దగ్గరే ఉంది. ఏ లోపమూ లేనట్టే. మావయ్య కదల్లేదు.

మోటారు గొంతు మారింది. మొదటి తీగలో ముల్లు పదమూడు దాటింది. రెండోదానిలోనూ అంతే. మూడోదానిలో సున్నా. పిడి పడిపోయింది.

"మూడు మొయ్యాల్సింది రెండే మోస్తన్నాయి మావా. పిడి పడిపోడం రోగం కాదు. రోగం ఉన్నాదని సెప్తన్నాది."

మెయిను కట్టి స్టార్టరు మూత విప్పితే, మూడో తీగ కొస మరచీల కింద వదులై, నల్లబడి ఉంది. మోటారు అదురుకు విడిపోయేది. కొస గీకి బిగించారు. మళ్లీ వేసి, గొంతు మారే వేళ దాటేదాకా మీటరు పట్టుకునే నిలబడ్డారు. ముల్లు ఏడు దగ్గరే ఆగింది. పొద్దు వాలకముందే నీరు ఆకుమడి చివరి గట్టు తాకింది. "టీ తాగి ఎల్లు" అన్నారు తాతయ్య.

మావయ్య ఈ మధ్యే పోయారు. ఇంట్లో ఎవరైనా బరువు మోయలేక మాటిమాటికీ కూలబడుతుంటే ఆయన గుర్తొస్తారు. వాళ్లను నిలబెట్టే పుల్ల కోసం వెతకను. తన వంతు మోయనిది ఎవరో చూస్తాను. చాలాసార్లు అది నేనే.

ఆ బావి పూడిపోయింది. పక్కనే బోరు వేశారు. మోటారు భూమిలో, నీళ్లలో మునిగి ఉంటుంది. దాని మీద చెయ్యి వేసి ఎవరూ చూడరు.