ఆఖరి పావుగంట

మా ల్యాబ్ మేడమ్ పోయారని ఆదివారం పొద్దున ఫోన్ వచ్చింది. ఆవిడ రిటైరై నాలుగేళ్లయింది. అయినా తార్నాకలో బస్సు దిగి యూనివర్సిటీ వైపు చూసిన ప్రతిసారీ, మేడమ్ ఇంకా ల్యాబ్‌లోనే ఉన్నారని నాకు ధీమాగా ఉండేది.

ఎంసీఏలో ఒకసారి నా ప్రోగ్రాంకి స్ట్రెస్ టెస్ట్ పెట్టాను. వేలమంది ఒకేసారి వాడితే తట్టుకుంటుందా అని చూడటమన్నమాట. కాసేపటికి అది గప్‌చుప్‌గా ఆగిపోయింది. ఎర్రర్ ఏదీ రాలేదు కదా అని రికార్డులో ‘పాస్’ అని రాసేశాను. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

మేడమ్ కళ్లజోడు పైకి నెట్టుకున్నారు. “ఎర్రర్ రాలేదా, చెప్పలేకపోయిందా?”

మెమరీ మొత్తం నిండిపోయిందట. ఆ సంగతి చెప్పడానికి కూడా కాస్త మెమరీ కావాలి. అదీ మిగల్లేదు.

“మొదట్లనే కొంచెం పక్కకు పెట్టుకోవాలె. మెమరీ అంత నిండినంక ఆ పక్కకు పెట్టింది ఇడిచిపెడితే, ఏమైందో చెప్పనీకి సరిపోతది,” అన్నారు. ‘పాస్’ కొట్టివేయించి ‘మెమరీ చాలలేదు’ అని రాయించారు. మార్కులు మాత్రం తగ్గించలేదు.

ల్యాబ్‌లో ఆఖరి పావుగంట ఆవిడ ఏ పనీ చెప్పేవారు కాదు. ఫ్లాస్కు మూతలో టీ పోసుకుని, పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంచుకుని కూర్చునేవారు. మేమేమో ఇదే సందని క్యాంటీన్‌కి జారుకునేవాళ్లం.

నేను డిగ్రీ దాకా తెలుగు మీడియం. క్లాసులో సగం తలకెక్కేది కాదు. ఎవరడిగినా అర్థమైందని తలూపేదాన్ని. ఇక నా వల్ల కాదని, చదువు మానేయడానికి టీసీ దరఖాస్తు రాసి బ్యాగులో పెట్టుకున్న రోజు మేడమ్ ఆపారు.

“అర్థమైతున్నదా?”

“అవుతుంది మేడమ్.”

“అయితున్నదా, చెప్పలేకపోతున్నవా?”

ఆ కుర్చీలో కూర్చుని ఏడ్చాను, తర్వాత అంతా చెప్పాను. సెమిస్టర్ అయ్యేదాకా ప్రతి ల్యాబ్‌లో ఆ పావుగంట నాదే అయింది. దరఖాస్తు ఏమైందో గుర్తు కూడా లేదు. ఇప్పుడు ఇదే టెస్టింగ్ పనితో బతుకుతున్నాను, హాయిగానే ఉన్నాను. అదంతా ఆవిడ చలవే.

నిన్న లాలాపేటలో వాళ్లింటికి వెళ్లాను. మేడమ్ భర్త, సారు, వరండాలో ఒక్కరే ఉన్నారు. పక్కన రెండో కుర్చీ ఖాళీగా ఉంది.

“ఎట్లున్నరు సార్?”

“మంచిగనే ఉన్న బిడ్డా.”

వెంటనే వచ్చేయడానికి మనసొప్పలేదు. “మంచిగనే ఉన్నరా, చెప్పలేకపోతున్నరా?”

ఆయన నా ముఖంలోకి చూసి, చిన్నగా నవ్వారు. కళ్లు తుడుచుకున్నారు. ఫ్లాస్కు మూతలో టీ పోసి నాకందించి, ఆ ఖాళీ కుర్చీని నా వైపు జరిపారు.