కాలిన ఫ్యాన్లు, కాన్పు ఖర్చు

క్లాసులో ఆమెకు ‘ఫ్యూజు’ అని పేరు పెట్టిందెవరో ఇప్పటికీ తేలలేదు. ఎలక్ట్రికల్ డిప్లొమాలో ముప్ఫై ఎనిమిది మంది మగపిల్లల మధ్య ఇద్దరే ఆడపిల్లలు. ఆ ఇద్దరిలో ఇట్టే భగ్గుమనేది ఈమె. మొదట్లో ఆ పేరు పెట్టినవాణ్ణి పట్టుకుని నాలుగు దులుపుదామని చూసింది. దొరకలేదు. రెండో వారానికల్లా తనే నోటు పుస్తకం అట్ట మీద ఆ పేరు రాసుకుంది. “ఫ్యూజు లేకపోతే ఇల్లే తగలబడుతుంది, తెలుసా?” అని ఎదురు దబాయించేది.

అలాంటి ఫ్యూజుకు ఆఖరి సంవత్సరం మొదలైన నెలలోనే నెల తప్పింది.

ముందుగా అనుకున్నది కాదు. పెళ్ళయి ఏడాదిన్నర. భర్త ఒక చిన్న ఫ్యాక్టరీలో లేత్ మిషను మీద పనివాడు. ఆర్డర్లు పడిపోయి వారానికి నాలుగు రోజులే పని ఇస్తున్నారు. ఆమె స్కాలర్‌షిప్పుతో మేడమీద గది అద్దె గడుస్తోంది, అతని జీతంతో పొయ్యి వెలుగుతోంది. అంతకు మించి వారి దగ్గర ఉన్నదల్లా వయసే. సంగతి తెలిసిన రోజు ఇద్దరూ మంచం మీద పక్కపక్కన కూర్చున్నారు.

“భయంగా ఉందా?” అని అడిగాడతను.

“నీకు?”

“నాకైతే కాళ్ళూ చేతులూ ఆడటం లేదు.”

“సరే, ఇద్దరిలో ఒకళ్ళు భయపడితే చాలు. ఆ పని నువ్వు చూసుకో,” అంది.

మర్నాటి నుంచి పొదుపు మొదలైంది. కాలేజీకి బస్సు మానేసి నడక పెట్టుకుంది. నడక మంచిదని ఆసుపత్రి నర్సు ఎలాగూ చెప్పింది. బయట టీలు బంద్. కొనాల్సిన రెండు లావుపాటి పుస్తకాలు కొనకుండా, లైబ్రరీ తెరిచే వేళకు వెళ్ళి కావలసిన పేజీలు చేత్తో రాసుకుంది. పాత దుప్పట్లు చింపి పొత్తిగుడ్డలు కుట్టింది. పక్కింటివాళ్ళు పిల్లల పాత బట్టలు మూటగట్టి ఇస్తే మొహమాటపడకుండా తీసుకుంది. కడుపుకు మాత్రం తగ్గించనివ్వలేదు భర్త. పాలూ గుడ్డూ తెచ్చి, ఆమె తినేదాకా ఎదురుగా కూర్చునేవాడు.

కానీ ఎంత బిగించినా పొదుపు ఒకచోట ఆగిపోతుంది. రాని జీతంలోంచి మిగల్చడం ఎవరి తరం?

అయిదో నెలలో ఆడపడుచు వచ్చింది. భర్తకు పెద్దక్క. తల్లి పోయాక అతన్ని పెంచి పెద్దచేసింది ఆమే. మనిషి మంచిదే గానీ, తను చెప్పింది జరగకపోతే ఆమెకు నిద్ర పట్టదు.

“చూడమ్మాయ్, కోపంతో చెప్పడం లేదు. ఈ ఏటికి చదువు ఆపెయ్. మా ఇంటికొచ్చి ఉండు. కాన్పు ఖర్చంతా నాది. బిడ్డ కాస్త పెద్దయ్యాక చదువుకుందువుగాని.”

“ఎంత పెద్దయ్యాక వదినా?”

“బడికి వెళ్ళేంత.”

“అంటే నేనూ నా బిడ్డా ఒకే బస్సెక్కి చదువుకోవడానికి వెళ్తామన్నమాట.”

భర్త నవ్వు ఆపుకోలేక దగ్గాడు. అక్క అతని వైపు ఒక్క చూపు చూసింది, దగ్గు ఆగిపోయింది.

“నీకు నోరెక్కువ,” అంది వదిన.

“చేతులు కూడా ఉన్నాయి వదినా. కాన్పు ఖర్చు నేనే సంపాదిస్తాను.”

“ఏం చేసి?”

“చేసి చూపిస్తాగా.”

వదిన వెళ్ళాక తలుపు వేసి, దానికి వీపు ఆనించి నిలబడింది. “ఏం చేసి?” అని భర్త కూడా నెమ్మదిగా అడిగాడు.

“అదే ఆలోచిస్తున్నా. నువ్వు కూడా మొదలెట్టకు!”

దారి మేడ కిందే దొరికింది. కింద ఉండే ఇల్లుగలావిడ గదిలో ఫ్యాను స్విచ్చి వేస్తే మూలిగేది తప్ప తిరిగేది కాదు. కర్రతో రెక్కను తోస్తే, తోసినందుకు మొహమాటపడినట్టు నాలుగు చుట్లు తిరిగేది. రిపేరువాడు చూసి లోపలి తీగచుట్ట, అదే వైండింగ్, కాలిపోయిందన్నాడట, కొత్త ఫ్యాను ధరలో సగం అడిగాడట. ఫ్యూజు తన టెస్టింగు మీటరు తెచ్చి చూసింది.

“వైండింగ్ శుభ్రంగా ఉంది పిన్నిగారూ. పోయింది కెపాసిటరే. రెండు టీల ఖర్చు.”

కెపాసిటరు మారిస్తే ఫ్యాను తిరగడమే కాదు, గోడ మీది కాలెండరు కూడా ఎగిరి కిందపడింది. పిన్నిగారి నోటికి మైకు అక్కర్లేదు. సాయంత్రానికి వీధి వీధంతా తెలిసింది. వారం తిరక్కుండా మెట్ల కింద మూడు ఫ్యాన్లు, ఒక మిక్సీ వచ్చి కూర్చున్నాయి. “గదిలో కొట్టు పెడతానంటే ఒప్పుకోను, మెట్ల కింద అయితే నీ ఇష్టం,” అని పిన్నిగారే ఆ చోటిచ్చింది.

పని పంచుకున్నారు. స్టూలెక్కి ఫ్యాను దింపడం, బిగించడం భర్తది. సోల్డరింగ్ పొగ, వార్నిషు వాసన పీల్చొద్దని నర్సు గట్టిగా చెప్పింది కాబట్టి ఆ రెండూ అతనికే నేర్పి, పెరట్లోకి తోసింది. విప్పి చూసి జబ్బు కనిపెట్టడం, బేరింగులు మార్చడం, మళ్ళీ కలపడం ఆమెది. ఒకాయన ఫ్యాను భుజాన వేసుకొచ్చి, ఆమె పొట్ట చూసి అక్కడే ఆగిపోయాడు.

“మీ ఆయన లేడామ్మా?”

“ఉన్నాడండీ. ఫ్యాను దింపేది ఆయన, బాగుచేసేది నేను. మీ ఫ్యాను ఇప్పటికే దిగింది కదా, ఇటివ్వండి.”

ఆరో నెల నిండుతుండగా వర్క్‌షాప్ మాస్టారు పిలిచారు. ఆయన ఇరవై ఏళ్ళుగా అదే ల్యాబులో, అదే నీలం కోటులో ఉన్న మనిషి.

“రేపటి నుంచి ల్యాబుకి రాకు. కరెంటుతో పని. ఈ పరిస్థితిలో నీకేమన్నా అయితే ఎవరిది బాధ్యత? వచ్చే ఏడు చేద్దువుగాని.”

ల్యాబుకు రాకపోతే హాజరు పడిపోతుంది, హాజరు పడిపోతే స్కాలర్‌షిప్పు ఆగిపోతుంది, అది ఆగితే గది పోతుంది. పైగా కాలిన వైండింగులు మళ్ళీ చుట్టే మిషను ఉన్నది ఆ ల్యాబులోనే.

“రావద్దని రూల్లో ఉందా సార్?”

“రూల్లో లేదు. నా మంచి మాట.”

“మంచి మాటకి థాంక్సండీ. రూలు ఉంటే మాత్రం చూపించండి,” అంది.

ఇంటికెళ్ళి ఏడ్చింది. బాగానే ఏడ్చింది. భర్త మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని ఎటు నిలబడాలో తెలియక గదంతా తిరిగాడు. అక్క ఇంటికి వెళ్దామా అని అడగబోయి, ఆమె మొహం చూసి మింగేశాడు. ఏడుపయ్యాక ఆమె ముక్కు తుడుచుకుని, “మా కాలేజీ స్టోరులో చచ్చిన ఫ్యాన్లు గుట్టగా ఉన్నాయి. ఎన్నో రేపు లెక్కపెడతా,” అంది.

ఇరవై రెండు ఉన్నాయి. స్టోరు చూసుకునే ఆయన్ని బతిమాలి, రెండు రోజుల పాటు మధ్యాహ్నం విరామంలో ఒక్కొక్కటీ మీటరుతో చూసింది. తొమ్మిది ఫ్యాన్లకు కెపాసిటరో బేరింగో మారిస్తే చాలు. పదకొండు కొత్తగా చుట్టాలి. రెండు తుక్కుకే పనికొస్తాయి. ఆ లెక్క తెల్లకాగితం మీద రాసి, రేటు వేసి, ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళింది.

ప్రిన్సిపాల్ మేడమ్ తల ఎత్తి, “హాజరు గురించా? మాస్టారు చెప్పారు,” అంది.

“దాని గురించి కూడా మేడమ్. కానీ ముందు ఫ్యాన్ల సంగతి. బయటి కాంట్రాక్టరు అడిగే దాంట్లో సగానికే చేస్తాను. కాగితంలో ఉంది.”

మేడమ్ కాగితం చూసింది. క్లాసు రూముల్లో పిల్లలు అట్టలతో విసురుకుంటున్నారని తల్లిదండ్రుల ఫిర్యాదులు అప్పటికే బల్ల మీద పడివున్నాయి. మాస్టారిని పిలిపించింది.

“కాయిల్ వైండింగ్ సిలబస్‌లో ఉందా మాస్టారూ?”

“ఉంది మేడమ్.”

“అది చేసేటప్పుడు కరెంటు ఉంటుందా?”

“చుట్టేటప్పుడు ఉండదు… కానీ టెస్టింగు…”

“టెస్టింగు మీ ఎదురుగా జరుగుతుంది. మిగతాది కూర్చుని చేసుకునే పనే కదా. ఈ అమ్మాయి ప్రాక్టికల్సు ఇవే అనుకోండి.” తర్వాత ఫ్యూజు వైపు తిరిగి, “మొదటి అయిదూ చూశాకే మిగతావి ఇస్తాను,” అంది.

ఆ రెండు నెలలూ ఆమె ల్యాబులో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని రాగి తీగ చుట్టింది. ఒక చేత్తో మిషను పిడి తిప్పుతూ, రెండో చేత్తో తీగ బిగువు చూసుకుంటూ, పెదాలు కదలకుండా చుట్లు లెక్కపెట్టేది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే తల మాత్రం ఊపేది. లోపల బిడ్డ తన్నినా లెక్క తప్పేది కాదు. పొట్ట ముందుకొచ్చి బల్ల దూరమైపోతుంటే కుర్చీని పక్కకు తిప్పుకుంది. క్లాసు పిల్లలు మొదట నవ్వారు. తర్వాత పరీక్షలో వైండింగు వస్తుందని గుర్తొచ్చి ఒక్కొక్కరే వచ్చి పక్కన నిలబడ్డారు. తీగ చుట్టలు, ఫ్యాన్ల మోటార్లు మోయడానికి వాళ్ళను వాడుకుంది.

మాస్టారు ఒక్క ఫ్యానునూ ఊరికే వదలలేదు. మూడు తిప్పి పంపారు. ఒకటి చప్పుడు, ఇంకొకటి వేడి. మూడోదానికి మాత్రం ఆయన వంక వెతకనక్కర్లేకపోయింది, దానంతటదే బయటపడింది. అది తీసుకెళ్ళి ప్రిన్సిపాల్ గదిలోనే బిగించారు. స్విచ్చి వేశారు. ఫ్యాను జోరుగా తిరిగింది, గాలి మాత్రం కిందికి రాలేదు. కప్పు మీద బూజంతా లేచి మేడమ్ ఫైళ్ళ మీద రాలింది. ఫ్యాను వెనక్కి తిరుగుతోంది.

ల్యాబులో ముప్ఫై తొమ్మిది మంది ముందు మాస్టారు అన్నారు: “నేను మొదటే చెప్పాను. ఈ పరిస్థితిలో బుర్ర పని మీద ఉండదు.”

తప్పు తనదే. స్టార్టింగ్ కాయిలు కొసలు తారుమారుగా కలిపింది. ఒప్పుకోవడానికి నోరు తెరిచింది కూడా. ఆ ‘పరిస్థితి’ అన్న మాట దగ్గర ఆగిపోయింది.

“తప్పు నాదే సార్, సరిచేస్తాను. కానీ పోయిన నెల మీరు డెమోలో పెద్ద మోటారుకి ఫేజులు మార్చి కలిపారు, అదీ వెనక్కే తిరిగింది. అప్పుడు మీకెన్నో నెల సార్?”

వెనక బల్ల దగ్గర ఎవడో కిసుక్కుమన్నాడు. మాస్టారి మొహం ఎర్రబడింది. ఆయన కళ్ళజోడు తీసి, కోటు అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

“రెండు వైర్లు మార్చు,” అన్నారు చివరికి. “ఆ గదిలో బూజు కూడా నువ్వే దులిపించు.”

ఆ రోజు తర్వాత ఆయన పరిస్థితి గురించి మాట్లాడలేదు. తప్పులు మాత్రం రెట్టింపు శ్రద్ధతో పట్టారు. ఆమె కోరుకున్నదీ అదే.

ఇరవై ఫ్యాన్లూ తిరిగాయి. డబ్బు మాత్రం కదల్లేదు. ఆఫీసులో పెద్ద గుమాస్తా, “బిల్లు పైకి వెళ్ళాలి, సంతకాలు కావాలి, రెండు మూడు నెలలు పడుతుందమ్మా,” అన్నాడు.

“మీ బిల్లు ఆగుతుందేమో సార్, నా బిడ్డ ఆగదు,” అని ఆయన ఎదుటి కుర్చీలో కూర్చుంది. టిఫిన్ డబ్బా, మంచినీళ్ళ సీసా, పుస్తకం బయటికి తీసింది. పరీక్షలు దగ్గర పడ్డాయి కాబట్టి పైకి చదువుకుంది. ట్రాన్స్‌ఫార్మర్ల పాఠమంతా ఆఫీసు ఆఫీసంతా వినాల్సి వచ్చింది. రెండో రోజూ వచ్చింది. మూడో రోజు ఆమె కాళ్ళు వాచి ఉండటం చూసి గుమాస్తాయే ఇంకో కుర్చీ జరిపి, కాళ్ళు దాని మీద పెట్టుకోమన్నాడు. ఫైలు పట్టుకుని తనే గదిగదికీ తిరిగి, సాయంత్రానికి చెక్కు తెచ్చి చేతిలో పెట్టాడు. “ఇక ఆ పాఠం ఆపు తల్లీ, నాక్కూడా నోటికొచ్చేసింది,” అన్నాడు.

తొమ్మిదో నెలలో పరీక్షలు మొదలయ్యాయి. నాలుగు పేపర్లు. రెండోది రాస్తుండగా నడుంలో నొప్పి వచ్చింది. చివరి ప్రశ్నకు బొమ్మ గీసి, భాగాలకు పేర్లు పెట్టి, కాగితాలు దారంతో కట్టి ఇచ్చి, అప్పుడు చెప్పింది. తెల్లవారేసరికి ఆడపిల్ల పుట్టింది. మూడో పేపరు రోజు ఆమె ఆసుపత్రి మంచం మీద ఉంది. డాక్టరు కాలు కదపనివ్వలేదు. వదిన వచ్చి పక్కన కూర్చుంది.

“ఖర్చు…” అని మొదలుపెట్టింది వదిన.

“కట్టేశాం వదినా. మీరు పాపనెత్తుకోండి చాలు.”

వదిన పాపను ఎత్తుకుని, “మీ అమ్మకి పొగరు. నీకు రాకుండా చూస్తా,” అంది. ఆ గొంతులో అంత నమ్మకం లేదు.

ఎనిమిదో రోజున నాలుగో పేపరు. వద్దన్నవాళ్ళే అందరూ. డాక్టరు మాత్రం పరీక్ష చేసి, ఎక్కువసేపు నిలబడొద్దు, రక్తం ఎక్కువైతే వెంటనే రావాలి అని చెప్పి పంపింది. వరండాలో భర్త పాపను పట్టుకుని తిరిగాడు. సగం పరీక్షలో పాలివ్వడానికి వెళ్తానంటే హాలు కాపలా ఉన్నాయన తటపటాయించాడు. పక్క హాల్లోంచి మాస్టారు వచ్చి, “వెళ్ళనివ్వండి. వెళ్ళొద్దని రూల్లో లేదు,” అని తన దారిన తను పోయారు.

మూడో పేపరు ఆర్నెల్ల తర్వాత రాసి పాసైంది. ఈలోగా మెట్ల కింద పని ఆగలేదు. ఒక ఉద్యోగానికి వెళ్తే చిన్న పాప ఉందని తెలిసి వాళ్ళు మళ్ళీ కబురు చేస్తామన్నారు, చేయలేదు. రెండోది నీళ్ళ పంపుల మోటార్లు తయారుచేసే కంపెనీ. అక్కడ ఇంటర్వ్యూ చేసినాయన మార్కుల కాగితం తిరగేసి, “మూడు పేపర్లలో మంచి మార్కులున్నాయి. ఇదొక్కటి మాత్రం ఆర్నెల్లు ఆలస్యంగా ఉంది. తప్పారా?” అని అడిగాడు.

“తప్పలేదండీ, రాయలేదు,” అంది. “ఆ రోజు నాకు వేరే పని పడింది.”

ఆ పనేమిటో ఆయన అడిగాడు. చెప్పింది. వచ్చే సోమవారం నుంచి రమ్మన్నారు.